పండుగ పూట ఎదురొచ్చిన మా అత్తమ్మ

దసరా పొద్దున మా అత్తమ్మ చనిపోయింది. చాయ్ సగం తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఒరిగింది. అంతే. పక్క వీధి డాక్టరు వచ్చి నాడి చూసి, గుండె ఆగిందన్నాడు. వరంగల్ మట్టెవాడలోని మా గల్లీ మాత్రం ఆయన మాటను వెంటనే ఒప్పుకోలేదు. ఎందుకంటే పండుగ రోజు ఆమె ఇంట్లో కనబడటం గల్లీ చరిత్రలోనే లేదు. పాలాయన గేటు దగ్గర నిలబడి, "దసరా నాడు మీ అత్తమ్మ ఇంట్లనే ఉన్నదా? అయితె నిజమే బిడ్డా, పానం బోయినట్టే," అని క్యాను కింద పెట్టి తల మీది రుమాలు తీశాడు. ఆమెకు దక్కిన మొదటి నివాళి అది. అంతకన్నా మంచిది తర్వాత ఎవరూ చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను గానీ, ఇంత రాయడానికి కూర్చున్నాక ప్రయత్నించకపోతే బాగుండదు.

ఇలాంటి వ్యాసాల్లో 'ఆమె లేని లోటు తీర్చలేనిది' అని రాయడం మర్యాద. మా అత్తమ్మ టీచరు. ఆ వాక్యం ఆమె కంట పడితే ఎర్ర పెన్నుతో కింద గీత గీసి, 'లోటు ఎక్కడ? ఎంత? వివరించుము' అని పక్కన రాసేది. కాబట్టి వివరిస్తాను.

అత్తమ్మ అంటే మా నాన్నకు అక్క. పెళ్లయి ఏడాది తిరగకముందే భర్త పోతే, పెట్టె పట్టుకుని పుట్టింటికి తిరిగొచ్చింది. సర్కారు బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పింది. ఎవరికీ బరువు కాలేదు. ఇంతవరకు పదిమందీ మెచ్చుకునే కథే. చిక్కల్లా ఒక్కటి: ఆమె పండుగ రోజు బయట తిరుగుతుంది.

మా గల్లీలో లెక్కలు రానివాళ్లు ఉన్నారు గానీ శకునశాస్త్రం రానివాళ్లు లేరు. మంచి పనికి బయల్దేరినప్పుడు నిండు బిందె ఎదురైతే శుభం. ముత్తైదువ ఎదురైతే శుభం. పిల్లి ఎదురైతే కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి పోవచ్చు. భర్త లేని ఆడది ఎదురైతే మాత్రం ఇక ఆ పనే మానుకోవాలి. పిల్లికి ఇచ్చిన రాయితీ కూడా ఆమెకు లేదు.

ఆమె తిరిగొచ్చాక వచ్చిన మొదటి ఉగాదికి మా నానమ్మ మెల్లగా చెప్పిందట: "బిడ్డా, తమ్ముడు గుడికి పోతాండు. నువ్వు జర ఎనక అర్రల ఉండు. బయిటికి పోవాల్నంటె ఎనక గల్లీకెల్లి పో."

మా ఇంటికి రెండు దారులున్నాయి. ముందు వైపు పెద్ద బజారు. వెనక వైపు మురికి కాలువ పక్కనుంచి పోయే సన్నని గల్లీ. ఆ ఉగాదికి అత్తమ్మ వెనక గదిలో కూర్చుంది. తర్వాతి పండుగకు ఊరు నిద్రలేవకముందే ముందు తలుపు తీసుకుని, పెద్ద బజారు నడిమధ్య నుంచి వెళ్లిపోయింది. పొద్దుగూకినాక తిరిగొచ్చి సంజాయిషీ ఇచ్చింది: "ఎదురు రావద్దన్నవ్ గదనే అవ్వా. అందుకే అందరికంటె ముందుగాల పోయిన. ముందు పోయేటోళ్లు ఎదురెట్లొస్తరే?"

నానమ్మ లేచి ఆమెకు అన్నం వడ్డించింది. దీనికి శాస్త్రాల్లో పరిహారం ఉన్నట్టు లేదు.

అప్పటినుంచి ఆమె బతుకంతా ఒకే కేసు మీద నడిచింది. పండుగ రోజు ముందటి బజారులో నడిచే హక్కు ఆమెకు ఉందా, లేదా? వాది, ప్రతివాది, జడ్జి అందరూ మా గల్లీ వాళ్లే. ఆమె కోర్టుకు పోలేదు, వాదించలేదు. నడిచింది.

నాకు బుద్ధి తెలిసి, అంటే డిగ్రీలో చేరాక, నేనూ ఆమె వెంట పడ్డాను. ఆమెకు పంచాంగంతో పని లేదు. ప్రభుత్వ సెలవుల పట్టికే పంచాంగం. శివరాత్రికి వేయిస్తంభాల గుడి, ఆషాఢంలో భద్రకాళి గుడి, పీర్ల పండుగకు నిప్పుల గుండం, క్రిస్మస్‌కు చర్చి ముందు అమ్మే కేకు, రంజాన్‌కు మండిబజార్. "గిన్ని దేవుండ్లను మొక్కితె ఎవలన్న ఒక్కలు పలుకుతరనా అత్తమ్మా?" అని అడిగాను ఒకసారి. "మొక్కుడెవ్వలు? నేను సూడవోతాన," అంది. రిటైరయ్యాక, ఇప్పుడు నీకు రోజూ సెలవే కదా, పండుగ పూటే ఈ తోపులాటలో పడటం ఎందుకంటే, "సెలవు నలుగురితోని కలిసి తీసుకుంటెనే రుచి. ఒక్కదాన్ని తీసుకుంటె అది రోగం," అని తేల్చింది.

ఇంత పాత నగరంలో ఇంతకాలం తిరిగిన మనిషి కదా, చరిత్ర అంతా నాలుక మీద ఉంటుందని మీరనుకోవచ్చు. క్షమించాలి. ఆమెకు ఒక్క ముక్క తెలియదు. తెలుసుకోవాలనే కోరికా లేదు. ఒక ఉగాదికి ఖిలా వరంగల్‌లో, ఆ రాతి తోరణం కింద నిలబడి, నేను పరీక్షకు బట్టీ పట్టిన రాజవంశం మొత్తాన్ని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. ఆమె ఓపికగా విన్నది. విని, పడిపోయిన ఏనుగు బొమ్మ పక్కన నీడ వెతుక్కుని, డబ్బా మూత తీసింది.

"ఎవరో రాజు కట్టిచ్చిండు. ఎవరో రాజు కూలగొట్టిండు. నడుమల కూసోని పులిహోర తినేది మనం. గెలిచింది ఎవలు?"

నా డిగ్రీ ఆ ప్రశ్నకు సరిపడే డిగ్రీ కాదు. పులిహోర మాత్రం బాగుంది.

మండిబజార్‌లో గాజుల దుకాణం నడిపే ఒకామె, మేం ఖాలా అంటాం, అత్తమ్మకు స్నేహితురాలు. ఖాలా భర్త కూడా పోయాడు. రంజాన్ నాడు ఇద్దరూ మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ల కొత్త బట్టలకు మార్కులేసేవాళ్లు. ఒకసారి అత్తమ్మ షీర్ ఖుర్మా పాయసం గిన్నె అందుకుంటూ నవ్వులాటకు అంది: "పండుగ పూట పొద్దుపొద్దున నీ దుకాణంల అడుగుపెట్టిన. గిరాకి ఉంటదో ఉండదో ఫికర్ జేసుకో."

"అరె చుప్!" అంది ఖాలా. "నీ అసొంటోళ్లు రాకుంటె ఈ గంజెడు ఎవల్దాగుతరు? గిరాకి గురించి నువ్వేం పరేషాన్ గాకు. పొద్దటి సంది నిన్ను జూసి పారిపోయిన గిరాకి ఒక్కటి లేదు, ధర జెప్తె పారిపోయినోళ్లే అందరు."

ఆ రోజు ఖాలా ఆమె చేతికి బలవంతంగా ఎర్ర గాజులు ఎక్కించింది. అత్తమ్మ వాటిని గలగలలాడిస్తూ మా గల్లీలోకి వచ్చింది. మూలమీది కిరాణం తాత అద్దాలు పైకెత్తి చూశాడు. ఈ తాత గురించి చెప్పాలి, కథలో మళ్లీ వస్తాడు. మంచివాడు. పిల్లలకు ఊరికే బిస్కెట్లిస్తాడు. మా గల్లీ శకునాలకు ఆయనే సుప్రీంకోర్టు. "గాజులెందుకమ్మ ఇప్పుడు?" అన్నాడు నొచ్చుకుంటూ. "సప్పుడు కోసం తాతా. నేనొస్తానని ముందే ఎరుకైతది. తప్పుకునేటోళ్లు తప్పుకోవచ్చు," అంది. అన్నది నిజంగా మర్యాదగానే. ఆమె ఎదురుతిరగడంలో అదే చిక్కు. మర్యాదలో వేలు పెట్టడానికి సందు దొరకదు.

ఎప్పుడూ గెలిచేదని నేను చెప్పను. ఎంగిలిపూల బతుకమ్మ నాడు, వేయిస్తంభాల గుడి దగ్గర, వేలమంది ఆడవాళ్ల నడుమ ఇద్దరం వలయంలో చేరాం. పక్కనున్న పెద్దావిడ చప్పట్లు కొడుతూనే కుశలం అడిగింది. ఏ వాడ, ఎందరు పిల్లలు, మీ ఇంటాయన ఏం చేస్తాడు. "ఏం జేస్తలేడమ్మా, కాలం జేసిండు," అంది అత్తమ్మ. చప్పట్లు ఆగలేదు గానీ ఆ పెద్దావిడ ఒకడుగు వెనక్కి తగ్గింది. ఆమె పక్కావిడ కూడా. అత్తమ్మకు అటు పక్కంతా ఖాళీ ఏర్పడింది. "పోదాం పా అత్తమ్మా," అన్నాను.

"ఎందుకే? జాగ ఎక్కువైంది. మంచిగ చేతులాడియ్యొచ్చు."

పాట అయిపోయేదాకా ఆడింది. ఇంటికొచ్చే దారిలో మాత్రం మొక్కజొన్న కంకి కొనిస్తే సగం తిని నాకిచ్చేసింది. ఆ సగం కంకి సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

దసరాకు ఊరంతా పాలపిట్టను చూడటానికి బయల్దేరుతుంది కదా. ఆమెకు అన్నిటికన్నా నచ్చిన హాస్యం అది. "సూడు పోరీ. ఒక పిట్ట ఎదురు రావాల్నని గుట్టలెక్కుతరు, చెట్లెక్కుతరు. మనిషి ఎదురొస్తె మొకం తిప్పుకుంటరు." అని, తనూ అందరితో పాటు తలెత్తి చెట్లకేసి చూసేది. కనబడితే చిన్నపిల్లలా నా భుజం మీద చరిచేది.

నా విషయం కూడా ఒకటుంది. డిగ్రీ లెక్కల పరీక్ష నాడు మా అమ్మ అత్తమ్మ దగ్గరికొచ్చి, కొంగు నలుపుతూ, "వదినె, పిల్ల పరీక్షకు పోతాంది…" అని ఆగిపోయింది. మా అమ్మది చెడ్డ మనసు కాదు, భయం. అత్తమ్మ సరేనని లోపలికి పోబోయింది. నేను చెయ్యి పట్టి లాక్కొచ్చి గేటు ముందు నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి పోయి, ఆమెకు ఎదురుగా నడుచుకుంటూ బయల్దేరాను. తాత కిరాణంలోంచి ఇదంతా చూశాడు. గొప్ప దృశ్యం. అభ్యుదయం నడిచిపోతున్నట్టు ఫీలయ్యాను.

ఫెయిలయ్యాను.

గల్లీ అంతా ఒక్క మాట అనలేదు. అనకపోవడం ఎంత గట్టిగా వినిపిస్తుందో అప్పుడే తెలిసింది. నేను ఏడుస్తూ ఉంటే అత్తమ్మ నా పుస్తకం తిరగేసి, "సగం పేజీలు ఇంక అంటుకోనే ఉన్నయ్. నేనెదురొచ్చుడు తర్వాత, ముందుగాల వీటిని విప్పు," అంది. సప్లిమెంటరీకి మళ్లీ గేటు ముందు ఆమెనే నిలబెట్టాను. పాసయ్యాను. ఎగురుకుంటూ వచ్చి, చూశావా అత్తమ్మా, నువ్వెదురొస్తే పాసయ్యానంటే, ఆమె మొహం సీరియస్‌గా పెట్టింది.

"గట్లనకు. నువ్వు పాసైతె నా గొప్ప గాదు. ఫెయిలైతె నా తప్పు గాదు. నేను ఒట్టిగ మనిషిని. తొవ్వల నడుస్తాన, గంతే."

ఆ మాట అప్పుడు నాకు సరిగా ఎక్కలేదు. ఎప్పుడు ఎక్కిందో చెబుతాను.

దసరా రోజుకే వద్దాం. నర్సంపేట వైపు నుంచి బంధువులు రావాలి. బస్సులన్నీ పండుగ జనంతో కిక్కిరిసి ఉన్నాయి. వాళ్లు చేరేసరికి ఎండ వాలింది. సరిగ్గా ఊరు జమ్మి చెట్టు దగ్గరికి బయల్దేరే వేళ. డప్పులవాళ్లు వచ్చారు, పాడె సిద్ధమైంది. అప్పుడు కిరాణం తాత మెల్లగా వచ్చి మా నాన్న పక్కన నిలబడ్డాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొద్దుటినుంచి దుకాణం కూడా తెరవలేదు. ఆ సంగతి కూడా రాయకపోతే అన్యాయం.

"బిడ్డా, జెప్పుడు బాగుండదు గని," అన్నాడు. "ముందటి బజార్ల అందరు పిల్లాజెల్లలతోని జమ్మికి పోతాన్రు. కొత్త బట్టలు. పండుగ పూట… ఎనక గల్లీకెల్లి తీస్కపోతె ఎవలికి ఇబ్బంది ఉండదు. జల్దిగ గూడ పోవచ్చు."

అందరూ మా నాన్న వైపు చూశారు. మా నాన్న నేల వైపు చూశాడు. ఆయన మెత్తని మనిషి. అక్క ఎదురు రాకూడదని ఆయన ఎప్పుడూ అనలేదు, రావచ్చనీ ఎప్పుడూ అనలేదు. ఒకరిద్దరు చుట్టాలు అప్పటికే వెనక తలుపు గొళ్లెం తీస్తున్నారు. బతికున్నన్నాళ్లూ ఒక్క పండుగకూ ఆ తలుపు దాటని మనిషిని, నోరు లేని రోజు చూసి దాటించబోతున్నారు.

నాకు చిన్నప్పటినుంచీ ఒక రోగం ఉంది. ఏడుపు వచ్చినప్పుడు జోకు వస్తుంది.

"తాతా," అన్నాను, "శకునం లెక్క నాకు నేర్పింది నువ్వే గద. భర్త పోయినామె ఎదురైతె అపశకునం. మరి శవం ఎదురైతె?"

తాత తల గోక్కున్నాడు. "శవం ఎదురైతె… మంచిదే బిడ్డా. శుభం."

"అయితె ఇన్నేండ్లకు మా అత్తమ్మకు ప్రమోషనొచ్చింది. ఇయ్యాల ఊరందరికి శుభశకునం. దసరా పూట గంత మంచి శకునాన్ని ఎనక గల్లీల దాసిపెడ్తమా?"

తాత మొహం వెలిగింది. నిజంగా వెలిగింది. దారి దొరికినవాడి సంతోషం అది. "అవ్ గదా! శాస్త్రమే జెప్తాంది. మంచిదే, మంచిదే. ముందటికెల్లే పోనియ్యున్రి," అన్నాడు. చుట్టాలు తలలూపారు. గొళ్లెం మళ్లీ పడింది. నేను గెలిచాను. కాలేజీ డిబేట్లలో కూడా అంత శుభ్రంగా ఎప్పుడూ గెలవలేదు.

అప్పుడు మా నాన్న తలెత్తాడు.

"వద్దు," అన్నాడు.

నేను కూడా ఆయన వైపు తిరిగాను.

"శకునం మంచిదని కాదు కాకా," అన్నాడు తాతతో. "శకునం చెడ్డదయినా గిట్లనే పోతది. ఆమె మా అక్క. ఈ బజార్ల పుట్టింది, ఈ బజార్ల నడిసింది. ఎవలికన్న ఎదురు రావద్దనిపిస్తె ఆళ్లు ఎనక గల్లీకెల్లి పోన్రి."

ఆమె అన్న మాట నాకు ఎక్కింది అప్పుడే. ఒట్టి మనిషి. నేను ఆమెను అపశకునం నుంచి తప్పించి శుభశకునంలో కూర్చోబెట్టి చప్పట్ల కోసం చూస్తున్నాను. మా నాన్న రెంటినుంచీ దింపేశాడు. ఆ తర్వాత నేను ఊహించనిది జరిగింది. తాత పంచె ఎగ్గట్టి, పాడె ముందు వైపుకు వచ్చి, ఒక కుర్రవాణ్ని పక్కకు జరిపి భుజం పెట్టాడు. ఏ శాస్త్రం ప్రకారం పెట్టాడో నేను అడగలేదు. కొన్ని జోకులు వేయకుండా ఉండగలగడం కూడా చదువేనని ఆ రోజు నేర్చుకున్నాను.

ముందు తలుపు రెండు రెక్కలూ తెరిచాం. ఆడపిల్లలు వెంట రాకూడదని ఎవరో అన్నారు. అన్నవాళ్లెవరో చూడటానికి కూడా నేను వెనక్కి తిరగలేదు. మా అమ్మ నా పక్కన నడిచింది. ఆమె పక్కన, మండిబజార్ నుంచి ఆటోలో వచ్చిన ఖాలా.

చౌరస్తా దగ్గర ఎదురైంది జనం. బ్యాండు మేళం ముందు, వెనక మట్టెవాడ మొత్తం. పట్టుచీరలు, ఇస్త్రీ మడతలు, భుజాల మీద పిల్లలు. ఇటు డప్పు, అటు బ్యాండు. రెండు చప్పుళ్లూ కాసేపు ఒకదాని మీద ఒకటి పడి, దరువు తప్పి, ముందు బ్యాండు ఆగింది, తర్వాత డప్పు కూడా ఆగింది. బజారు ఇరుకు. తిరగడానికి వాళ్లకు చోటు లేదు, మాకూ లేదు. ఎవరూ మొహం తిప్పుకోలేదు. తిప్పుకోవడానికి కూడా చోటు ఉండాలి కదా అని మీరనవచ్చు. అనండి. నేను అక్కడ ఉన్నాను, నేను చూశాను.

దహనానికి తీసుకుపోయే దారిలో ఒకచోట పాడెను దించి, పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలవడం మా ఆచారం. ఒకవేళ ప్రాణముంటే పలుకుతారని. ఊరి బయట, చెట్ల నీడలో చేస్తారు. మా నాన్న పాడెను అక్కడే, చౌరస్తా నడిమధ్యన దించమన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని, ఆమె చెవి దగ్గర వంగాడు.

"అక్కా," అన్నాడు. మొదటిది ఆమెకు మాత్రమే. రెండోది మాకు వినిపించింది. మూడోది బజారంతా వినిపించింది.

ఆమె లేవలేదు. పాడె ఎత్తారు. ఎదురుగా ఉన్నవాళ్లు ఒక్కొక్కరే చెప్పులు విడిచి, చేతులు జోడించి, అటూ ఇటూ దుకాణాల మెట్ల మీదికి ఎక్కారు. బజారు ఖాళీ అయింది. పండుగకు కొన్న కొత్త చెప్పులు మాత్రం రోడ్డంతా, ఎక్కడివక్కడే ఉన్నాయి. మోసేవాళ్లు వాటిని తొక్కకుండా చూసుకుంటూ, వాటి నడుమ నుంచి ఆమెను తీసుకుపోయారు. ఎవరో చంటిపిల్ల విడిచిన లైట్ల బూటు ఒకటి, ఒంటరిగా, ఇంకా ఎర్రగా వెలిగి ఆరుతూ ఉంది.